నాకు మొలిచిన వేళ్ళు

ఆఫీసు, మూడో అంతస్తు
ఫిబ్రవరి 9

మావయ్యా,

ఫోన్ చేస్తే "ఊఁ", "సరే", "అక్కకిస్తా" తప్ప నాలుగో మాట నీ నోట్లోంచి రాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీంతో పాటు ఒక పుస్తకం పంపుతున్నాను. మెల్లగా విప్పు, ఇంకా సిరా వాసన పోలేదు.

మన మేత కోసే మిషను పరాయి దేశం వెళ్తోంది. నువ్వు ముప్పై ఒక్క ఏళ్ళు బిగించిన మిషనే, కాస్త వేషం మార్చింది. అక్కడి మేత కాడలు బొటనవేలంత లావుంటాయట, అందుకని నోరు రెండంగుళాలు వెడల్పు చేశారు. అక్కడ ఎక్కువగా ఆడవాళ్ళే తిప్పుతారని చక్రం పిడి సన్నం చేశారు. రంగు మార్చారు. అవన్నీ కార్ఖానా వాళ్ళ పనులు. పుస్తకం నా సెక్షన్ పని. కొనేవాళ్ళలో సగం మందికి చదువు రాదని ఒక్క అక్షరం లేకుండా ఇరవై ఆరు బొమ్మలతో చేశాం. బొమ్మలో ఎలా ఉంటే అలా చేస్తే చాలు, మిషను నడుస్తుంది.

పోయిన ఏడాది నిన్ను షెడ్డుకి పిలిపించి తీయించిన ఫోటోలే ఇవి. వెనక గోడ, చొక్కా రంగు, మేత మోపు అన్నీ వాళ్ళకి అలవాటైనట్టు మార్చాం. చేతులు మాత్రం నీవే. రెండు వేల కాపీలు వేశారు. ఇల్లు దాటాలంటే మొహమాటపడే మనిషి చేతులు సముద్రం దాటుతున్నాయి.

మేలో నేనూ వెళ్తున్నాను. రెండు నెలలు అక్కడే ఉండి శిక్షణ ఇవ్వాలి. అమ్మకి కూడా చూపించు.

నీ మేనకోడలు

*

ఇల్లు
ఫిబ్రవరి 20

అమ్మాయీ,

పుస్తకం అందింది. కాగితం బాగుంది.

ఏడో బొమ్మలో ఎడమ చెయ్యి ఎవరిది?

బొటనవేలి మీద కాలిన మచ్చ నాది. మణికట్టు దగ్గర ఊడిన గుండీ నాది. ఉంగరపు వేలు నాకు సగమే ఉంది. చిటికెన వేలు లేనే లేదు. అవి పోయి ఇరవై ఏడేళ్ళు. షెడ్డులో అందరూ నన్ను మూడున్నర మేస్త్రి అనేవాళ్ళు, నీకు తెలుసు. ఈ బొమ్మలో ఐదూ ఉన్నాయి. గోళ్ళు కూడా తీర్చిదిద్దారు. మళ్ళీ మొలిచినట్టు నాకెవరూ చెప్పలేదు.

మీ అమ్మ చూసి, "ఐదు వేళ్ళూ సమానంగా ఉండవంటారు, నీకు మాత్రం సమానం చేసేశార్రా తమ్ముడూ" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

జవాబు రాయి.

మావయ్య

*

ఆఫీసు
ఫిబ్రవరి 28

మావయ్యా,

ముందే చెప్పాల్సింది. నీకు కోపం వస్తుందనే చెప్పలేదు.

అక్కడి డీలరు ఉత్తరం రాశాడు. వేళ్ళు తెగిన చెయ్యి కనపడితే జనం మిషను దగ్గరికే రారు, బొమ్మలో చెయ్యి బాగుచేయండి అన్నాడు. మా ఆఫీసు పెద్దాయన సరే అన్నాడు. చిత్రకారుడు రెండు రోజులు కూర్చుని గీశాడు. ఇందులో నా చేతుల్లో ఏమీ లేదు. పరాయి దేశం సరుకు పంపేటప్పుడు అక్కడి వాళ్ళ కంటికి నచ్చేట్టు సర్దుకోక తప్పదు. పెళ్ళికెళ్తూ చిరిగిన చొక్కా మార్చుకోమా, అలాంటిదే ఇది. నిన్ను తక్కువ చేయడానికి కాదు.

నువ్వు ఇంత రోషం పెట్టుకుంటావని నిజంగా అనుకోలేదు. పుస్తకం బాగుందని ఒక్క మాట రాస్తావని నాలుగు రోజులు ఎదురు చూశాను. సరేలే.

నీ మేనకోడలు

*

ఇల్లు
మార్చి 7

అమ్మాయీ,

చిరిగిన చొక్కా అన్నావు. బాగుంది. నా రోషం సంగతి పక్కన పెట్టు. కోపం నా చెయ్యి గురించి కాదు. నాకు ఇంత పొడుగు ఉత్తరం రాయడం రాదు. అయినా రాస్తాను, రెండు రోజులు పట్టినా సరే.

మోపుని తొట్టిలో పెట్టి ఎడమ చేత్తో అదమాలి. పళ్ళ రోలర్లు దాన్ని లోపలికి లాగుతాయి. రోలర్ల వెనకే కత్తులు. నాకు ఆ వైపు వేళ్ళు లేవు. అందుకని నా అరచేతిని రోలర్ల దాకా పోనిస్తాను. మిగిలిన మూడు వేళ్ళూ మడిచి కాడల్ని పట్టుకుంటాను. అది నా ఒక్కడి అలవాటు. ఇంకెవరూ అలా పట్టకూడదు. ఐదు వేళ్ళున్నవాడు జానెడు వెనకే ఆగాలి.

మీవాడు నా చెయ్యి ఉన్నచోటే ఉంచి దానికి రెండు వేళ్ళు అతికించాడు. ఆ వేళ్ళు ఎక్కడికి పోయాయో చూశావా? రోలరు పళ్ళ మధ్యలోకి. మోపు లావుగా గీశారు కాబట్టి పళ్ళు కనపడవు. చెయ్యి పువ్వు పట్టుకున్నట్టు ఉంది. పైగా కాడలు లావని నోరు వెడల్పు చేశామన్నావు. లావు కాడల్ని ఇంకా గట్టిగా అదుముతారు. బొమ్మలో ఉన్నట్టే చేస్తే చాలని నువ్వే రాశావు. చేస్తారు.

నా మాట నమ్మొద్దు. షెడ్డుకి వెళ్ళు. బొమ్మలో నా మణికట్టు ఎక్కడుందో అక్కడ నీ మణికట్టు పెట్టు. మిషను ఆపి పెట్టు.

ఇంకొకటి. ఇరవై ఒక్క ఏళ్ళు కొత్తవాళ్ళకి పని నేర్పాను. నాకు నోట్లో నాలుక లేదని అందరికీ తెలుసు. మొదటి రోజు ఏమీ చెప్పేవాణ్ణి కాదు. ఎడమ చెయ్యి ఎత్తి చూపించి, మిషను వైపు చూసి, పనిలోకి దిగేవాణ్ణి. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఒక్కరికీ గోరు ఊడలేదు. మీరు బాగుచేసింది ఆ చెయ్యిని.

తప్పు నాది కూడా ఉంది. ఫోటో తీసే రోజున నా చెయ్యి వద్దు, ఇంకొకరి చెయ్యి తియ్యండి అని చెప్పాలనుకున్నాను. ఆ ఫోటో ఆయన తొందరలో ఉన్నాడు. దీపాలు వేడిగా ఉన్నాయి. చుట్టూ పదిమంది. నోరు పెగల్లేదు. ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటు. ఈసారి ఊరుకోను.

మావయ్య

*

ఆఫీసు
మార్చి 19

మావయ్యా,

షెడ్డుకి వెళ్ళాను. మిషను ఆపే ఉంది. ఏడో బొమ్మ తొట్టి మీద పెట్టుకుని, నీ మణికట్టు ఉన్నచోట నా మణికట్టు పెట్టాను. చిటికెన వేలు రోలరు పళ్ళకి తగిలింది. చల్లగా ఉంది. ఆ చల్లదనం ఇంకా పోలేదు.

వెంటనే పెద్దాయనకి చెప్పాను. పుస్తకాలు, మిషన్లు ఓడెక్కి నాలుగు రోజులైందట. "అక్కణ్ణుంచి ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా? వచ్చాక చూద్దాం" అన్నాడు. ఒక హెచ్చరిక చీటీ అచ్చేసి పంపుదామన్నాను. "చదువు రానివాళ్ళకి చీటీ ఏమిటమ్మా" అని నవ్వాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. మళ్ళీ మళ్ళీ అడిగాను. చివరికి చూస్తున్నామని నీకు చెప్పమన్నాడు.

నేను వెళ్ళేది మే మొదటి వారంలో. శిక్షణ నా చేతుల మీదుగానే జరుగుతుంది కదా, మాటతో సరిచేస్తాను. అక్కడ దుబాసీ ఉంటాడు. నువ్వు మాత్రం ఆఫీసుకి ఏమీ రాయకు మావయ్యా. ఈ సెక్షన్ నాకిచ్చి ఏడాదే అయింది. నన్ను పంపడం ఇష్టంలేనివాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళకి వేలెత్తి చూపే అవకాశం ఇవ్వకు.

నీ మేనకోడలు

*

ఇల్లు
ఏప్రిల్ 2

అమ్మాయీ,

చూస్తున్నాం.

ఈ మాట నాకు కొత్త కాదు. నా వేళ్ళు పోవడానికి పదకొండు రోజుల ముందు రోలరు మీద మూత బోల్టు వదులైందని స్టోరు గుమస్తాకి చెప్పాను. చూస్తున్నాం అన్నాడు. వారం ఆగి మళ్ళీ చెప్పాను. నా గొంతు వినపడలేదేమో అనుకుని చీటీ రాసిచ్చాను. దాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టాడు. పన్నెండో రోజు మూత ఊడింది. ఆసుపత్రి నుంచి వచ్చి రిజిస్టరు చూశాను. నా పేరు ఎదురుగా ఒకే మాట ఉంది. అజాగ్రత్త. కింద నేనే సంతకం పెట్టాను. ఎడమ చేతికి కట్టు ఉంది, కుడి చెయ్యి బాగానే ఉంది కదా, పెట్టమన్నారు. పెట్టాను. ఇది ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మక్కూడా.

నువ్వు రాయకు అన్నావు. నేను రాయలేదు. వెళ్ళాను.

సోమవారం పొద్దున బస్సెక్కి మీ ఆఫీసుకి వచ్చాను. నువ్వు ప్రయాణానికి టీకాలు వేయించుకోవడానికి వెళ్ళావట. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. "మేస్త్రిగారూ, మీరు ఆఫీసుకొచ్చారంటే ఏదో కొంప మునిగే ఉంటుంది" అన్నాడు. మూడు గంటలు కూర్చోబెట్టి మీ పెద్దాయన దగ్గరికి పంపారు. ఆయన లేచి నా కుడి చెయ్యి పట్టుకుని ఊపాడు. టీ తెప్పించాడు. మీలాంటి పాతకాపులే కంపెనీకి వెన్నెముక అన్నాడు.

దారంతా చెప్పాల్సింది వల్లె వేసుకుంటూ వెళ్ళాను. అక్కడికెళ్ళాక ఒక్క ముక్క గుర్తు రాలేదు. పుస్తకం తీసి ఏడో బొమ్మ దగ్గర తెరిచి ఆయన బల్ల మీద పెట్టాను. బొమ్మలోని చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టాను.

ఆయన ఫ్యాను వంక చూశాడు.

అలాగే ఉంచాను. టీ చల్లారింది. "మీ బాధ అర్థమైంది, చూస్తున్నాం" అన్నాడు. నా చెయ్యి వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఫ్యాను ఆగి ఉంది. ఆగిపోయిన ఫ్యానులో అంతసేపు ఏం చూశాడో ఆయనకే తెలియాలి.

మాటతో సరిచేస్తానన్నావు. నువ్వు రెండు నెలలుంటావు. పుస్తకం పదేళ్ళు ఉంటుంది. నువ్వు వచ్చేశాక కూడా అది గోడకి వేలాడుతూ అదే చెయ్యి చూపిస్తూ ఉంటుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెస్తున్నారు. అందులో నువ్వూ ఉన్నావు.

ఈ ఉత్తరంలో ఒక కాగితం పెట్టాను. నా ఎడమ చెయ్యి దాని మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీశాను. మీ చిత్రకారుడు గీసినంత అందంగా రాలేదు. చేతనైతే ఏడో బొమ్మ ఉన్నచోట అంటించు. చేతకాకపోతే నా చెయ్యి నాకు తిరిగి పంపించు.

మావయ్య

*

శిక్షణ షెడ్డు పక్కన అతిథి గది
మే 23

మావయ్యా,

నీ ఏప్రిల్ ఉత్తరానికి జవాబు రాయకుండానే విమానం ఎక్కాను. కోపంతోనే రాయలేదు. నా వెనకాల వెళ్ళి పెద్దాయన దగ్గర కూర్చున్నావని ఊగిపోయాను. నీ కాగితం చింపేద్దామనుకుని చింపలేక పెట్టెలో అడుగున పడేశాను.

ఇక్కడ షెడ్డు పొడుగ్గా ఉంది, పైన రేకులు. పదహారు మిషన్లు వరసగా పెట్టారు. పుస్తకాలు నాకన్నా నెల ముందే వచ్చాయి. మొదటి రోజు డీలరు నన్ను తన ఫిట్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నీకన్నా ఓ పదేళ్ళు చిన్న. మిషను బిగించడంలో ఇక్కడ అతనే దిట్ట. ఎడమ చెయ్యి మెడకి కట్టి ఉంది.

రెండు వేళ్ళు పోయాయి మావయ్యా. చిటికెన వేలు మొత్తం, ఉంగరపు వేలు సగం.

నేను వస్తున్నానని, నాకు తన పని చూపించాలని పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కడే సాధన చేశాడట. నన్ను చూడగానే కుడి చేత్తో పుస్తకం తీసి, ఏడో బొమ్మ తెరిచి, దుబాసీతో ఏదో అన్నాడు. దుబాసీ నాకు చెప్పాడు: "బొమ్మలో ఉన్నట్టే పెట్టానంటున్నాడు. ఎక్కడ తప్పు చేశానో మేడమ్‌ని చూసి చెప్పమంటున్నాడు."

నేనూ పైకి చూశాను మావయ్యా. అక్కడ ఫ్యాను కూడా లేదు. రేకులే ఉన్నాయి.

ఆ సాయంత్రం డీలరు ఒక ఫారం తెచ్చాడు. ప్రమాదానికి కారణం అన్నచోట ముందే నింపి ఉంది. ఏం రాసి ఉందో నీకు చెప్పక్కర్లేదు, అదే మాట. కింద శిక్షకురాలి సంతకం కావాలి. పెద్దాయనకి ఫోన్ చేశాను. "సంతకం పెట్టెయ్యి. లేకపోతే మొత్తం కంపెనీ నెత్తిన పడుతుంది, నీ నెత్తిన కూడా" అన్నాడు.

నా నెత్తిన పడటం న్యాయమే. ఎందుకంటే నీకు అబద్ధం రాశాను.

డీలరు చెయ్యి గురించి ఏమీ రాయలేదు. చొక్కా రంగు, వెనక గోడ, అంతే అడిగాడు. వేళ్ళు గీయించమన్నది నేను. మీటింగులో ఎవరూ అనకముందే నేనే అన్నాను, ఇది చూడ్డానికి బాగుండదు, సరిచేద్దాం అని. పెద్దాయనకి అసలు ఆ ఆలోచనే లేదు. ఎందుకన్నానో అప్పుడు నాకే సరిగా తెలియదు, ఇప్పుడు తెలుసు. నీకు దెబ్బ తగిలిన ఏడాది నాకు పదకొండేళ్ళు. నువ్వు రోజూ బడి దగ్గరికి వచ్చేవాడివి. నేను ఎప్పుడూ నీ కుడి పక్కన నడిచేదాన్ని. రోడ్డు దాటినా, మలుపు తిరిగినా, చుట్టూ తిరిగొచ్చి కుడి పక్కకే చేరేదాన్ని. నా స్నేహితులకి నీ ఎడమ చెయ్యి కనపడకూడదని. నువ్వు గమనించావో లేదో ఎప్పుడూ అడగలేదు. మొత్తానికి ఆ చెయ్యి దాచేశాను. దాచడానికి ఇంకొకడి వేళ్ళు పోయాయి.

ఫారంలో ఆ మాట కొట్టేశాను. "పుస్తకంలో ఏడో బొమ్మలో చూపినట్టే చేశాడు. ఆ బొమ్మ తప్పు. చేయించింది నేను" అని రాసి సంతకం పెట్టాను. డీలరు చదివించుకుని చాలాసేపు నా మొహంలోకి చూశాడు.

తర్వాత పెట్టె అడుగు నుంచి నీ కాగితం తీశాను. నేను, డీలరు భార్య, ఆ ఫిట్టరు ముగ్గురం నాలుగు రోజులు షెడ్డులో కింద కూర్చుని రెండు వేల పుస్తకాల్లో ఏడో పేజీ కోసేశాం. అతను ఒంటి చేత్తోనే మాకన్నా వేగంగా కోశాడు. నీ చెయ్యికి నకళ్ళు తీయించి, ఏడో పేజీలో కాదు, అట్ట మీదే అంటించాం. దాని కింద తొట్టి బొమ్మ, జానెడు దూరంలో ఒక అడ్డగీత. ఆ గీత ఫిట్టరు గీశాడు.

శిక్షణ మొదలైన రోజు నేనేమీ మాట్లాడలేదు. అట్ట ఎత్తి చూపించి మిషను వైపు చూశాను. అప్పుడు ముందు వరసలో ఒకావిడ తన ఎడమ చేతిని నీ గీత మీద పెట్టి చూసుకుంది. ఆవిడ చిటికెన వేలు నీ గీత దాటి బయటికొచ్చింది. గభాల్న చెయ్యి లాక్కుంది. పక్కనున్నావిడా పెట్టి చూసింది. తర్వాత అందరూ. ఎవరికీ దుబాసీ అవసరం పడలేదు.

పెద్దాయన మళ్ళీ ఫోన్ చేశాడు. కంపెనీ పుస్తకాలు పాడుచేసే అధికారం నీకెవరిచ్చారన్నాడు. తిరిగొచ్చాక సెక్షన్ ఉండదన్నాడు. ఉద్యోగం ఉంటుందో లేదో కూడా తెలియదు. మిగతా దేశాలకి వెళ్ళే పుస్తకాలు మాత్రం ఆపేశారు. భయపడి ఆపారు తప్ప సిగ్గుపడి కాదు.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు మొహమాటానికి సరే అంటావు. అది నాకు వద్దు.

నీ మేనకోడలు

*

ఇల్లు
జూన్ 10

అమ్మాయీ,

ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. మీ అమ్మకి చదివి వినిపించాను, కుడి పక్కన నడిచిన సంగతి తప్ప.

సరే అనను. నా మీద అబద్ధం ఆడితే పోనీ అనుకునేవాణ్ణి. డీలరు మీద పెట్టావు. ముఖం తెలియని మనిషి మీద నేరం వేయడం తేలిక. నా రిజిస్టరులో ఆ మాట రాసినవాడికీ నా ముఖం సరిగా తెలియదు. ఈ కోపం పోవడానికి చాలా రోజులు పడుతుంది. పోకపోవచ్చు కూడా.

ఫారంలో కొట్టివేసి రాసినది సరైన పని. ఇరవై ఏడేళ్ళ కింద నాకు ఎవరూ అది చేయలేదు. నాకు నేనే చేసుకోలేదు.

ఆ ఫిట్టరుకి ఇవి చెప్పు. దుబాసీతో పూర్తిగా చెప్పించు. మొదటి ఏడాది లేని వేలు దురద పెడుతుంది. గోక్కోవడానికి అక్కడ ఏమీ ఉండదు. పిచ్చెక్కిందేమో అనుకుంటాడు. పిచ్చి కాదని చెప్పు. ఇది డాక్టర్లు చెప్పరు. చలికి మొండి లాగుతుంది, మెత్తటి గుడ్డ చుట్టుకోమను. ముందు పని నేర్చుకోవాలనుకోవద్దను. ముందు నీళ్ళ గ్లాసు పట్టుకోవడం నేర్చుకోమను. అది వస్తే అన్నీ వస్తాయి. చొక్కా గుండీలు మాత్రం ఎప్పటికీ విసిగిస్తాయి. నాది ఒకటి ఊడే ఉంది, బొమ్మలో చూశాడుగా.

మిషను దగ్గరికి మళ్ళీ వెళ్ళేటప్పుడు ఆ చేత్తో అదమొద్దని చెప్పు. నేను అదిమాను, అదే తప్పు. నా అలవాటు ఎవరికీ వద్దు.

అతను గీసిన అడ్డగీత మంచి ఆలోచన. ఇన్నేళ్ళలో నాకు తోచలేదు. ఆ మాట కూడా చెప్పు.

నీ ఉద్యోగం పోతే పోతుంది. ఇంట్లో గది ఉంది. మీ అమ్మ అప్పుడే పరుపు ఎండలో వేసింది. "నోరున్న దాన్ని కన్నాననుకున్నాను, దీనికీ మేనమామ పోలికే వచ్చింది, అసలు మాట చివర్లో చెప్తుంది" అంటోంది.

ఎప్పుడొస్తున్నావో రాయి. బస్టాండుకి వస్తాను. గమనించావో లేదో అన్నావు. రోజూ గమనించాను. రోడ్డు దాటినప్పుడల్లా నువ్వు తిరిగొచ్చేదాకా అడుగు ఆపేవాణ్ణి కూడా. ఈసారి ఆపను.

ఎడమ పక్కన నడువు.

మావయ్య